ఎక్కడ నిలబెడితే అక్కడ

జర దగ్గరికి జరుగు బిడ్డా, నెగడు ఇంకా మంచిగనే ఉన్నది. ఆ ఫోను జేబుల పెట్టు. ముసలోళ్ల ముచ్చట డాంబరు రోడ్డు పట్టుకొని సక్కగ పోదు, డొంకలు, ఒర్రెలు దాటుకుంట పోతది. నువ్వు ఓపిక పట్టాలె, అంతే. ఏ ఊరికని బయలెల్లిన్నో ఆ ఊరికే తీస్కపోత.

నిన్న నువ్వొక మాటన్నవు. "సెంచరీ కొట్టనోన్ని ఎవరు యాది పెట్టుకుంటరు తాతా?" అని. నీ తప్పుగాదు. ఇప్పటి ఆట అట్లున్నది. కొట్టినోడే మొనగాడు, మిగిలినోళ్లంత జాతరకొచ్చిన మంది. అందుకే ఇయ్యాల టెస్టుల్ల ఒక్క సెంచరీ లేనోని ముచ్చట చెప్త. సయ్యద్ ఆబిద్ అలీ. హైదరాబాదోడు. పేరు విన్నవా? వినలే. మొఖం చూస్తెనే ఎరుకైతున్నది.

ఆయన పుట్టింది 1941 సెప్టెంబరు 9న. నిజాం జమానా. గప్పుడు చేతులు మారేది హాలీ సిక్కా. దాన్ని పట్టుకొని బ్రిటిషోళ్ల ఇలాకకు పోతే చెల్లదు. ఏడు హాలీ రూపాయలు ఇస్తెగాని ఆరు కల్దారు రూపాయలు రాకపోయేటియి. మా బాపు బెజవాడ దిక్కు బేరానికి పోయొచ్చిండంటే, ఆ ఒక్క రూపాయి పోయినందుకు వారం దినాలు గులుగుడే. బేరంల వచ్చిన లాభం మాట మాత్రం మా అమ్మ చెవిల పడనియ్యకపోవు. సరే, మా బాపు గులుగుడు మల్లెప్పుడన్న. గా 1941లనే హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు గూడ పునాది పడ్డది. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. ఆ బ్యాంకు ఈ కథల మల్ల వస్తది, మర్చిపోకు.

గన్‌ఫౌండ్రీ కాడ ఆల్ సెయింట్స్ బడి ఉన్నది గదా, ఆడ చదివిండు ఆబిద్ అలీ. తర్వాత్తర్వాత అజహరుద్దీన్ చదివింది గూడ ఆడనే. 1956ల హైదరాబాద్ స్కూళ్ల జట్టుకు పిల్లల్ని ఏరుతుంటే పెద్దోళ్ల కండ్లల్ల పడ్డది ఆయన బ్యాటు గాదు, బాలు గాదు. ఫీల్డింగు. ఉరికి, ఒంగి, బాలు అందుకొని ఇసిరేటి తీరు. జట్టుల పడ్డంక కేరళ మీద 82 రన్నులు కొట్టిండు. కొట్టినా గూడ, ఇంటికి తెచ్చుకున్న బహుమానం మాత్రం బెస్ట్ ఫీల్డర్‌ది. ఆయన నొసటి రాత గప్పుడే తేలిపోయింది.

నీకు చిర్రగోనె ఎరుకనా? ఎట్ల ఎరుకైతది, మీరు ఆడింది వేళ్లతోటి అద్దం మీద. మా చిన్నప్పుడు ఈ గుట్ట కింద, సోమేశ్వరుని గుడికి పోయే తొవ్వ పక్కన, పొద్దూకేదాక అదే ఆట. చిర్ర లేపి గోనెతో కొడితే, కొట్టినోడు రొమ్ము విరుచుకొని నిలబడుతుండె. కానీ దూరంగ, దుమ్ముల, అంగీ లేకుంట ఒకడు నిలబడుతుండె చూడు, గాలిల వచ్చే చిర్రను ఒంటిచేత్తోటి పట్టెటోడు, ఆట మార్చెటోడు వాడు. ఆబిద్ అలీ గూడ అచ్చం గసొంటోడే. చిర్ర తగిలి నుదురు పగిలినోళ్లు మా ఊర్ల ఇంకా ఇద్దరు ముగ్గురున్నరు, పొద్దుగాల హోటల్ కాడికి వస్తరు, చూపిస్త.

బ్యాంకు కాడికి వద్దాం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టు పెట్టి, ఆబిద్ అలీకి కొలువిచ్చింది. గా రోజుల్ల ఆటగానికి ఆట కూడు పెట్టకపోవు, కొలువు పెట్టేది. టెస్టు ఆడితే చేతికొచ్చేది వందల లెక్క, నువ్వు వేలంపాటల వినే కోట్ల లెక్క గాదు. పిల్లనిచ్చెటోళ్లు గూడ "ఎన్ని వికెట్లు తీసిండు" అని అడుగకపోదురు, "బ్యాంకుల ఏ సీటు" అని అడుగుదురు. దేశం తరఫున ఆడొచ్చినోడు గూడ తెల్లారితే ఆఫీసు హాజరుపట్టీల సంతకం పెట్టాల్సిందే. ఆ బ్యాంకు గూడ 2017ల పెద్ద బ్యాంకుల కలిసిపోయింది. మీ నాయనమ్మ పాసుబుక్కు పెట్టెల ఇంకా ఉన్నది, ముప్పై నాలుగు రూపాయలో ఏమో మిగిలినయంటది, దాన్ని పారెయ్యనియ్యది.

మొదట్ల ఆబిద్ అలీ వికెట్ కీపర్. తర్వాత మీడియం పేస్ బౌలర్ అయిండు. అక్కెరవడితే ఓపెనింగుకు దిగుతడు, లేకుంటే ఎనిమిదో నంబరుల దిగుతడు. "ఈడ నిలబడు" అంటే ఈడ నిలబడ్డడు, "ఆడికి పో" అంటే ఆడికి పోయిండు. 1959 నాటికి హైదరాబాద్ రంజీ జట్టుల ఉన్నడు. ఆ జట్టుల జైసింహ ఉండె. అబ్బో, ఆయన ముచ్చటే వేరు! కాలర్ లేపి నడిచొస్తుంటే ఆబిడ్స్ రోడ్డు మీద సైకిళ్లు ఆగేటియంట. మా కాలం పోరగాళ్లంత కాలర్లు లేపుడు నేర్సుకున్నది ఆయన్ను చూసే. బ్యాటింగు మాత్రం ఎవ్వనికి రాలే. నవాబులు, దొరబాబులు, షోకుల మధ్య మన ఆబిద్ అలీ కండ్లు తిప్పుకోనియ్యని అందగాడు గాదు. కానీ అందరు ఆయన్ను "చిచా" అని పిలిచేటోళ్లు. చిచా అంటే చిన్నాయన. హైదరాబాదోడు ఊరికె ఎవ్వన్నీ చిచా అనడు బిడ్డా.

1967ల ఆస్ట్రేలియా పోయే జట్టుల ఆబిద్ అలీ పేరుంది, జైసింహ పేరు లేదు. ఇగ చూడు హైదరాబాదుల గుసగుసలు! జైసింహను పక్కకు పెట్టి ఈయన్ను తీస్కపోతరా అని ఇరానీ హోటళ్లల్ల చాయ్‌లు సల్లారిపోయినయి. కాసిన చెట్టుకే రాళ్ల దెబ్బలంటరు, ఈ చెట్టు ఇంకా కాయకముందే పడ్డయి. డిసెంబరుల అడిలైడ్‌ల మొదటి టెస్టు. దిగిండు. 55 రన్నులిచ్చి ఆరు వికెట్లు తీసిండు. బ్యాటు పట్టి రెండు ఇన్నింగ్సులల్ల 33, 33 కొట్టిండు. గప్పటిదాక మొదటి టెస్టుల మనోడెవ్వడు అట్ల బౌలింగ్ చెయ్యలే. చివరి టెస్టు సిడ్నీల ఓపెనింగుకు పంపిస్తే 78, 81. సల్లారిన చాయ్‌లు మల్ల వేడి చేయించుకున్నరనుకో. తమాషా ఏందంటే, గాయాలైనోళ్లకు బదులు జైసింహను తర్వాత పిలిపించిండ్రు. ఆయన ఇమానం దిగీ దిగంగనే బ్రిస్బేన్‌ల 74, 101 కొట్టిండు. ఇద్దరూ గెలిచిండ్రు. లొల్లి పెట్టినోళ్లే ఓడిపోయిండ్రు.

ఇగ ఫీల్డింగు. మనకు గప్పుడు బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్, నలుగురు స్పిన్నర్లు. వాళ్లు బాలు తిప్పుతరు, బ్యాటుకు జరంత తగులుతది, కానీ దగ్గర నిలబడి పట్టెటోడుంటెనే గదా వికెట్టు! సోల్కర్, వాడేకర్, వెంకట్, ఆబిద్ అలీ, వీళ్లు బ్యాట్స్‌మన్ సుట్టు ముసురుకొని నిలబడుతుండె. తలకు హెల్మెట్టు లేదు. పక్కటెముకలకు తగిలితే రుద్దుకోని మల్ల ఆన్నే నిలబడుడు. 29 టెస్టులల్ల 32 క్యాచులు పట్టిండు ఆబిద్ అలీ. ఆపిన రన్నులెన్నో ఏ బుక్కుల రాయరు.

మీ అన్న జపాన్ల కొలువు చేసొచ్చి, ఆడి జనం బేస్‌బాల్ అంటే ప్రాణమిస్తరని చెప్పిండు గదా. ఆ ఆటల షార్ట్‌స్టాప్ అని ఒకడుంటడంట. రెండో బేసుకు మూడో బేసుకు నడుమ నిలబడతడు. బాలు ఎక్కువ సార్లు ఆయన దిక్కే ఉరికొస్తదంట, ఆపాలె, ఆపిన ఊపులనే ఇసరాలె. గా తావుల పేరుమోసినోడు యోషియో యోషిదా. క్యోటోల పుట్టిండు, పొట్టి మనిషి, 1953 నుంచి 1969 దాక హన్షిన్ జట్టుకే ఆడిండు. పిట్ట కొంచెం, కూత ఘనం! వాళ్ల పాత కథల్ల ఉషివకమారు అని గెంతులేసే చురుకు పిల్లగాడున్నడంట, ఆ పేరు పెట్టి పిలుచుకున్నరు. ఆ స్థానంల ఏడాదికి మేటి ఆటగాడని ఎంచుతరంట, ఆయన్ను తొమ్మిది మాట్ల ఎంచిండ్రు. తర్వాత గురువై 1985ల హన్షిన్‌ను మొదటిసారి జపాన్ సిరీస్ గెలిపించిండు. ఆడితోటి ఆగిండా? ఫ్రాన్సుకు పోయి, బేస్‌బాల్ అంటే ఏందో సక్కగ ఎరుకలేనోళ్లకు నేర్పిండు. మీ అన్న ఇదంత చెప్తుంటే నాకు మనసుల మెదిలింది ఆబిద్ అలీయే. ఎందుకో జర ఆగితే నీకే ఎరుకైతది.

1971. ఈ ఏడు గట్టిగ యాది పెట్టుకో. ముందుగాల వెస్టిండీస్ టూరు. ఆ జట్టుల మన హైదరాబాదోళ్లు ఎంతమందో తెలుసా? జైసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపర్ కృష్ణమూర్తి, జయంతిలాల్, ఫాస్ట్ బౌలర్ గోవిందరాజ్. ఐదుగురు! ఇప్పుడు ఒక్కడు దొరికితే పేపరోళ్లు పేజీ నింపుతున్నరు. మార్చిల పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌ల రెండో టెస్టు. మ్యాచి మొదటి బాలు, ఆబిద్ అలీది, ఫ్రెడరిక్స్ వికెట్టు ఎగిరిపోయింది. ఆ మ్యాచే గవాస్కర్‌కు మొదటి టెస్టు. ఆఖరి రన్నులు గవాస్కర్ కొడుతుంటే ఎదురుంగ నిలబడ్డది మల్ల ఆబిద్ అలీయే, 21 రన్నులతోటి. వెస్టిండీసు మీద మనం గెలిచిన తొలి టెస్టు అది. మనకు ఆ ముచ్చట మరునాడో, ఆ మరునాడో, పేపరు జనగామ స్టేషన్ల దిగి, బస్సెక్కి మన పాలకుర్తి చేరినంకనే ఎరుకైంది. వార్త పాతదైతె ఏంది, సంబురం కొత్తదే.

ఇగ ఆగస్టు. ఇంగ్లండుల ఓవల్ మైదానం. మనకు మొదటి టెస్టు కెప్టెను ఎవరు? సి.కె. నాయుడు. కొఠారి కనకయ్య నాయుడు, తెలుగింటోడే, నాగపూర్ల పుట్టిండు. 1932ల ఆయన లార్డ్స్‌ల జట్టును దింపిన కాన్నుంచి ముప్పై తొమ్మిదేండ్లు, ఇంగ్లండు గడ్డ మీద మనకు ఒక్క గెలుపు లేదు. ఆ నాయుడు అరవై దాటినంక గూడ ఫస్ట్ క్లాస్ ఆట ఆడిండు, నేను గీ వయసుల మెట్లెక్కుతుంటెనే మీ నాయనమ్మ కోపానికొస్తది... అగో, ఒర్రెల పడ్డ. ఓవల్‌కే పోదాం పా.

ఆగస్టు 24, వినాయక చవితి. ఊర్ల రేడియోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేడియో కొనుడు ఒక్కటే గాదు, దానికి లైసెన్సుండాలె, ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసుల కట్టాలె. అది కట్టలేక చాటుంగ రేడియో పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉండె. పోస్టుమాన్ గల్లీలకొస్తే చాలు, రేడియో మీద గొంగడి కప్పి, పైన పిల్లిని కూసోబెట్టేటోడు. మేము పోయింది మాత్రం పట్వారి ఇంటికి. లైసెన్సున్న రేడియో, కొత్త సెల్లులు, పెద్ద అరుగు.

ఇంగ్లండోళ్లు పగటి అన్నాలకు ఆగేసరికి మనకు దీపాలు పెట్టే యాళ్ల. ఇంట్ల మట్టి వినాయకుడు, పత్రి, కుడుములు, ఉండ్రాళ్లు. అరుగు మీద మేము. ఇంగ్లీషు కామెంట్రీ, మధ్యమధ్య గరగర. మాకెవ్వనికి ఇంగ్లీషు రాదు, బడి సారొకాయనకు వస్తదని నమ్మకం. ఆయన ప్రతి బాలును రెండు బాళ్లు ఆలస్యంగ తర్జుమా చేసేటోడు. ముందటి దినం చంద్రశేఖర్ 38 రన్నులకు ఆరు వికెట్లు తీసి వాళ్లను 101కి పడగొట్టిండు, మనకు కావాల్సింది 173. పొద్దుగాలనే వాడేకర్ 45 మీద రనౌటైండు, పోయి లోపట పండుకొని నిద్రపోయిండంట. అదేం గుండె ధైర్యమో! మాకు ఈడ ఉండ్రాయి గొంతుల దిగుతలేదు. ఓవల్ కాడ మనోళ్లు చవితని చెప్పి, చెస్సింగ్టన్ జూ నుంచి బెల్లా అనే ఏనుగును తెచ్చి మైదానంల తిప్పిండ్రు. సారు అది చెప్తె "గీయనకు ఇంగ్లీషు రాదని ఇప్పుడు తేలింది" అనుకున్నం. తర్వాత పేపర్ల ఫోటో చూసి నోరు మూసుకున్నం.

170 కాడికొచ్చింది. ఇంక మూడే. గప్పుడు విశ్వనాథ్ ఔటైండు, పాపం, ఎంత ఓర్చుకొని ఆడిండో. లక్‌హర్స్ట్ అని, ఎప్పుడో ఒకపాలి బాలు పట్టెటోడు, ఆయన చేతిల పడ్డది వికెట్టు. ఆ మూలకు మన బ్యాట్స్‌మన్ ఇంజనీర్ నిలబడి ఉన్నడు, ఈ మూలకు దిగింది మన చిచా. రేడియోల ఒక్కసారి పెద్ద లొల్లి లేసింది. సారు తలకాయ పట్టుకొని "ఔట్" అన్నడు. మా మొఖాలు వాడిపోయినయి. ఆయన తర్జుమా చేసింది ఇంకా విశ్వనాథ్ వికెట్టే! ఆలస్యమైంది గదా. రెండు నిమిషాలకు గొంతు చించుకొని "ఫోర్! ఫోర్! గెలిచినం!" అన్నడు. స్క్వేర్ కట్, ఆబిద్ అలీది. ఆడ జనం మైదానంలకి ఉరికిండ్రు, ఈడ మేము వాకిట్లకు ఉరికినం. ఉరికి, ఎగిరి, కేకలేసి, మీదికి చూస్తె ఏమున్నది? పడమటి దిక్కు చవితి చందమామ!

పట్వారి తల్లి బయటికొచ్చి నెత్తి కొట్టుకున్నది. "పూజ కథ వినకుంట చంద్రున్ని చూస్తరారా, నీలాపనిందలు పడుతరు!" అని. అందర్ని వరుసగ కూసోబెట్టి, శమంతకమణి కథ మొదటికెల్లి చెప్పి, నెత్తిన అక్షింతలు ఏసింది. మాలో ఇద్దరు అది సాలదని, ఇరుగుపొరుగు తిట్లు తింటే దోషం పోతదని, పోయి పక్కింటి మీద రాళ్లేసి నిండుగ తిట్లు తిన్నరు. ఆ ఇంటాయన తిట్టుట్ల ఆరితేరినోడు, ముందుటి చవితి దోషాలు గూడ పోయుంటయి.

కానీ ఆబిద్ అలీకి అక్షింతలు ఏసినోళ్లెవరు? నీలాపనింద ఆయనకే వచ్చింది. 1990లల్ల ఒకపాలి టీవీ కామెంట్రీల ఆయన చనిపోయిండని అనేసిండ్రు. ఆయనేమో కాలిఫోర్నియాల సక్కగ ఉన్నడు! చచ్చిపోయినోడని పేరు పడ్డంక ఇంకో ముప్పై ఏండ్లకు దగ్గర బతికిండు. నన్నెవరన్న అట్లంటే నేను పోయి లొల్లి పెట్టి వచ్చేటోన్ని.

అటెన్క ముచ్చట తొందరగ చెప్త. 1974 డిసెంబరుతోటి టెస్టులు అయిపోయినయి. 1975ల మొదటి ప్రపంచ కప్పుల న్యూజిలాండు మీద 70 కొట్టిండు, దేశానికి అదే ఆఖరు. మొత్తం టెస్టులల్ల 1018 రన్నులు, 47 వికెట్లు. రంజీ, ఇంగ్లండు టూర్లు అన్ని కలిపితే 212 మ్యాచులు, 8732 రన్నులు, 397 వికెట్లు. సెంచరీ సంగతి అడిగినవు గదా, కేరళ మీద 173 కొట్టి ఔట్ గాకుంట నిలబడ్డడు, రంజీల. టెస్టుల 81 దాటలే. ఇరవై మూడు రన్నులకు ఆరు వికెట్లు సర్రే జట్టు మీద తీసింది గూడ గా ఓవల్‌లనే, 1974ల. ఆ మైదానం మన చిచాకు అత్తగారిల్లు.

1980ల అమెరికా పోయి కాలిఫోర్నియాల స్థిరపడ్డడు. యోషిదా ఫ్రాన్సుకు పోయినట్టు, ఈయన మాల్దీవులకు పోయి నేర్పిండు. సముద్రం నడుమ ఇసుక దిబ్బలల్ల క్రికెట్! తర్వాత ఆంధ్ర రంజీ జట్టుకు నేర్పిండు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జట్టుకు నేర్పిండు, అమెరికాల స్టాన్‌ఫర్డ్ క్రికెట్ అకాడమీల పిల్లలకు నేర్పిండు. మా కాలపు వికెట్ కీపర్ సయ్యద్ కిర్మాణీతోటి వియ్యమందిండు. మొదట్ల తనూ కీపరే, ఇద్దరు కూసుంటె ఏం ముచ్చట పెట్టేటోళ్లో, ఎవరు ఎవరికి నేర్పేటోళ్లో.

యోషిదా 2025 ఫిబ్రవరి 3న పోయిండు, తొంభై ఒక్క ఏండ్లు. నెల దాటి, మార్చి 12న, ట్రేసీ అనే ఊర్ల ఆబిద్ అలీ పోయిండు, ఎనభై మూడు. ఈపాలి వార్త నిజమే. పేపర్ల ఓవల్ ఫోరు గురించే రాసిండ్రు. అడిలైడ్ ఆరు వికెట్లు లోపట ఎక్కడ్నో ఒక మూలకు, క్యాచుల ముచ్చట ఇంకా కింద. నేను పేపరు నాయనమ్మకు చదివి వినిపిస్తె "గా చవితి నాడు రాళ్లేసినోళ్లు మీరేనా?" అని ఇన్నేండ్లకు అడిగింది. ఆ పక్కిల్లు వాళ్ల మేనత్తదంట! నాకు ఏమెరుక?

ట్రేసీ అంటే యాదికొచ్చింది, మీ అక్క ఉండేది గూడ కాలిఫోర్నియాలనే గదా. ఐతారం ఫోను చేసినప్పుడు వాళ్లింటికి ఆ ఊరు ఎంత దూరమో కనుక్కో. మైళ్లల్ల చెప్తది, నువ్వు కిలోమీటర్లకు మార్చి నాకు చెప్పాలె.